ఆకాశంలో వంగపువ్వు రంగు

పోయిన నెల నా కుడికంటికి శుక్లం తీశారు. ఎడమకంటికి ఇంకో మూడు వారాలు ఆగాలన్నాడు డాక్టరు. ఈలోగా నాకు రోజూ రెండు ఆకాశాలు. సాయంత్రం కుర్చీ లాక్కుని వరండాలో కూర్చుని, ఎడమకన్ను అరచేత్తో మూస్తే ఒక ఆకాశం, కుడికన్ను మూస్తే ఇంకొకటి. కొత్తకంటి ఆకాశంలో నీలం ఉంది. ఆ నీలం కిందికి దిగుతూ దిగుతూ ఎన్ని రకాలుగా పలచబడుతుందో అంతా ఉంది. పాతకంటి ఆకాశం టీ వడగట్టిన గుడ్డలా ఉంది. ఇన్నాళ్ళూ నేను చూస్తున్నది ఈ రెండోదాన్నే అని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. ముప్ఫై ఏళ్ళు బళ్ళో డ్రాయింగు చెప్పినదాన్ని. పిల్లల చేతుల్లోంచి కుంచె లాక్కుని, ఆకాశమంటే ఒక్క నీలమేనా అని కసిరినదాన్ని.

కంటి సంగతి బయటపెట్టింది నా మనవరాలు తన్వి. మా అమ్మాయి కూతురు, కాలేజీలో చదువుతోంది, ఆదివారాలు నా దగ్గరికి వస్తుంది. దానికి సాయంకాలపు ఆకాశాన్ని ఫోనులో ఫోటో తీయడం, తీసినదాన్ని వేలితో అటూ ఇటూ జరిపి రంగులు దిద్దడం పిచ్చి. దిద్దేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటుంది, డ్రాయింగు టీచర్ని కదా అని. ఆ వేళ నేను ఇంకా పెంచు, ఇంకా పెంచు అంటూనే ఉన్నాను. అది కాసేపు నా మాట విని, ఫోను ఒళ్ళో పెట్టేసుకుంది. "అమ్మమ్మా, బస్. ఇంక పెంచితే నకిలీ అయిపోతాది. ఆల్రెడీ బహుత్ జ్యాదా ఉంది," అంది. నాకు కోపం వచ్చింది. రంగుల గురించి నాకు చెప్పేంత దానివయ్యావా అన్నాను. అది కోప్పడలేదు. నా మొహంలోకి చూసి, "నీకు నిజంగా ఇది తక్కువగా కనిపిస్తోందా?" అని మెల్లిగా అడిగింది. ఆ ప్రశ్న అడగడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. దాని వయసులో, దానికన్నా చిన్నప్పుడే, అదే ప్రశ్న మా నాన్నను అడగాల్సి వచ్చి, నెల రోజులపాటు అడగలేకపోయినదాన్ని నేను. మర్నాడే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కళ్ళు బాగుపడుతున్నాయి కనక ఇప్పుడు ఆ నెల సంగతి రాయాలనిపిస్తోంది.

మా నాన్న పేరు అప్పలస్వామి. విజయనగరం అవతల ఒక పల్లె నుంచి పెళ్ళికాక ముందే భిలాయి వచ్చి ప్లాంటులో చేరాడు. నాకు ఊహ తెలిసేసరికి ఉక్కు కరిగించే షాపులో ఫర్నేసు దగ్గర పని. సెక్టర్ ఆరులో మాకు రెండు గదుల క్వార్టరు. వెనకాల పెరడులో మా అమ్మ వంగ, బెండ, గోంగూర పెంచేది. నాన్నకు ఫస్ట్ షిఫ్టు పడిన వారం మా ఇంటికి వేరే లెక్క ఉండేది. నాలుగున్నరకే బొగ్గుల కుంపటి రాజేసిన వాసన, నాన్న సైకిలు గొలుసు కిర్రుమన్న చప్పుడు, మళ్ళీ నిద్ర. మధ్యాహ్నం రెండు దాటాక వీధి నిండా సైకిళ్ళు వచ్చేవి. నాన్న చొక్కా మీద చెమట ఎండి తెల్లటి ఉప్పుచారలు కట్టేవి. ఆ చొక్కాను అమ్మ ఇంట్లోకి రానిచ్చేది కాదు, గుమ్మంలోనే అందుకుని బకెట్లో పడేసేది. కాలిన ఇనుము వాసన మాత్రం నాన్నతో పాటే లోపలికి వచ్చి అన్నం దగ్గర కూర్చునేది. తరవాణిలో ఉల్లిపాయ నంజుకుని తిని, చాప మీద నిద్రపోయి, అయిదింటికి లేచి టీ తాగి, అప్పుడు కెమేరా తీసేవాడు.

ఆ కెమేరా మాకు రావడం కూడా ఒక కథే. దేశానికి తిరిగి వెళ్ళిపోతున్న ఒక రష్యన్ ఇంజినీరు దగ్గర యాదవ్ భయ్యా దాన్ని తీసుకున్నాడు. యాదవ్ భయ్యా అంటే ఫర్నేసు దగ్గర నాన్న జోడీ, మా పక్క బ్లాకులోనే ఉండేవాడు. దాంతో వాళ్ళావిడను మూడుసార్లు తీస్తే మూడుసార్లూ తల రాలేదు. ఆవిడ అన్నం పెట్టడం మానేస్తానంటే, తెచ్చి మా నాన్నకు ఇచ్చేశాడు. నాన్న మనుషుల జోలికి పోలేదు. ఆకాశాన్ని తీయడం మొదలుపెట్టాడు. నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని మరోదా చెరువు గట్టుకు తీసుకుపోయేవాడు. పొద్దు గుంకుతుంటే నిలబడి, ఫర్నేసులోకి చూసినట్టే ఆకాశంలోకి చూసేవాడు. "ఇంకా కచ్చాగుంది," అనేవాడు. కాసేపాగి, "ఇప్పుడు పాకానికొస్తంది సూడు." చివరికి, "అయిపోనాది, దించీవొచ్చు," అని బటను నొక్కేవాడు. ఒక రీలుకు పన్నెండు ఫోటోలు. ఒక సాయంత్రానికి ఒక్కటే తీసేవాడు. మరో పక్క ప్లాంటు వైపు ఫర్నేసుల్లోంచి తీసిన కాలే చిట్టెం పారబోస్తే ఆ ఆకాశమూ ఒక్కసారి ఎర్రబడేది. మన ఊళ్ళో సూర్యుడికి ఓవర్ టైమ్ ఉందే అనేవాడు.

మొదటి రీలు సంగతి చెప్పుకుని మా ఇంట్లో చాలా ఏళ్ళు నవ్వుకున్నాం. కరిగిన ఉక్కును మామూలు కంటితో చూడలేరు. దాన్ని చూడడానికి ఫర్నేసు పనివాళ్ళకు ముదురు నీలం అద్దం ఒకటి ఇచ్చేవారు. అందులోంచి చూసి, లోపలి రంగును బట్టి వేడి ఎంతుందో చెప్పడం మా నాన్న పని, గర్వం కూడా. "ఫర్నేసునే సూడగల్దీ అద్దం, సూర్యుడెంత?" అని ఆ అద్దాన్ని కెమేరా కంటికి రబ్బరుతో కట్టి పన్నెండు ఫోటోలూ తీశాడు. పవర్ హౌస్ బజారులో బెంగాలీ దాదా ఒకాయన స్టూడియో ఉండేది. ఆయన ప్రింట్లు చేతికిస్తూ, "స్వామీజీ, యే గ్రహణ్ కబ్ లగా?" అని అడిగాడు. గ్రహణం ఎప్పుడు పట్టిందా అని నిజంగానే అడిగాడు పాపం. నల్లటి ఆకాశం, మధ్యలో మసిబారిన రూపాయి బిళ్ళంత సూర్యుడు. నాన్న ఆ తర్వాత అద్దం కట్టలేదు.

అవన్నీ నలుపు తెలుపు ఫోటోలే. సాయంకాలాన్ని తీసి రంగు లేకుండా ఇంటికి తెచ్చుకోవడం నాన్నకు నచ్చలేదు. అప్పుడు దాదా నాకు ఒక విద్య నేర్పాడు. ఆయన దగ్గర రంగు పూసిన కాగితాల చిన్న పుస్తకం ఉండేది. కాగితం గోరంత కత్తిరించి సాసరులో నీళ్ళ మీద వేస్తే రంగు దిగుతుంది. అగ్గిపుల్లకు దూది చుట్టి, ఆ రంగులో అద్ది, ప్రింటు మీద పలచగా తుడవాలి. ఒక పొర ఆరాక ఇంకో పొర. తొందరపడితే మరకలు పడతాయి. నాకు అప్పటికి పదిహేనో పదహారో. మరోదా గట్టున నేను చూసిన రంగుల్ని గుర్తుపెట్టుకుని, ప్రింటు వచ్చాక వంటింటి కిటికీ కింద కూర్చుని వేసేదాన్ని. నారింజ మీద గులాబీ, గులాబీ మీద లేత వంగపువ్వు రంగు, దాని మీద నీలం. వంగపువ్వు రంగంటే పెరట్లో రోజూ చూసేదే కనక నాకు దాని మీద ప్రత్యేకమైన ప్రేమ. సూర్యుడు మునిగాక ఆ రంగు కాసేపే ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది నాకు.

ఆ ప్రింటు నాన్నకు చూపించాను. వెలుతురులోకి తిప్పి, దగ్గరికి పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు. "కింద బాగున్నాది. మరి ఈ నడుమ ఏటీ ఎయ్యకుండా ఒగ్గీసినావేటే?" అన్నాడు. వేలు సరిగ్గా వంగపువ్వు రంగు మీద పెట్టాడు. ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. "ఏసినాను నాన్నా, సూడు," అన్నాను. మళ్ళీ చూశాడు. "కాయితం తెల్లగా అగుపడతంటే ఏసినానంటావేటి? బద్దకం నీకు. ఆ ఎరుపే ఇంకాస్త పైకి లాగు," అని ఇచ్చేశాడు. నేను ప్రింటు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, వంగమొక్క దగ్గర కూర్చుని, పువ్వు పక్కన పెట్టి చూసుకున్నాను. రెండూ ఒకటే రంగు.

అమ్మతో చెప్పాను. అమ్మ గిన్నె తోముతున్నది తోముతూనే ఉంది. కాసేపటికి, "మొన్న నీలంసీర కట్టుకుంటే నల్లసీర ఎందుకు కట్టినావన్నాడు," అంది. ఆవిడకు ముందే తెలుసు. నాకు తెలిసినదానికన్నా ఎక్కువ తెలుసు. అన్నంలో రాయి ఉంటే కనిపించక నాన్న పంటికింద పడుతోందని, సాయంత్రంపూట గుమ్మం దగ్గర కాలితో తడుముకుని దిగుతున్నాడని అప్పుడు చెప్పింది. "ఒలే పద్మా, ఈ మాట నోట్లోంచి రానీకు. పైకి తెలిసిందంటే ఫర్నేసు కాడ్నుంచి దించేస్తారు. పని ఇంకోటిస్తార్లే గానీ, మీ నాన్న అది నేకుండా మనిషిగా ఉండడు." అమ్మ భయపడడం నేను అదే మొదటిసారి చూడడం. నేను సరేనన్నాను.

ఆ నెలంతా నాన్న చెప్పినట్టే రంగులు వేశాను. వంగపువ్వు రంగు మీద ఎరుపు తుడిచాను, ఎరుపు మీద పసుపు తుడిచాను. నాలుగు ప్రింట్లు అలా చేశాను. నాన్న సంతోషపడి వాటిని గోడకు పెట్టించాడు, వచ్చినవాళ్ళకల్లా మా అమ్మాయి పనితనం అని చూపించాడు. వాళ్ళు మొహమాటంగా బాగుందనేవారు. నాకు ఆ గోడ వైపు చూడబుద్ధయ్యేది కాదు. నాన్న మీద జాలి, నా మీద అసహ్యం, అమ్మ మీద కోపం, అన్నీ ఉండేవి. ఆకాశం రంగే కదా, ఎవరికేం నష్టం అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

నష్టం ఎవరికో యాదవ్ భయ్యా వచ్చి చెప్పాడు, అదీ నవ్వుతూ. ఒక సాయంత్రం టీ తాగుతూ, "భాభీ, ఆజ్ క్యా హువా తెలుసా? స్వామీ భయ్యా అద్దంలోంచి చూసి అయిపోయింది అన్నాడు. నాకేమో ఇంకా కచ్చాగా అనిపించింది. నమూనా తీసి చూస్తే సచ్‌ముచ్ కచ్చాయే. ఇన్నేళ్ళలో పహలీ బార్ ఈయన మాట తప్పింది!" అన్నాడు. అమ్మ టీ పోస్తున్న చెయ్యి ఆగింది. నాన్న నవ్వలేదు. "పొగ అడ్డమొచ్చినాది," అన్నాడు. "అరే, కోయీ బాత్ నహీ. ఈయన చెయ్యి ఊపితే నేను ఫర్నేసు ముందుకెళ్తాను, ఊపకపోతే వెళ్ళను. మేరా తో యహీ హిసాబ్ హై, అదే నా లెక్క," అని యాదవ్ భయ్యా ఇంకో బిస్కెట్టు తీసుకున్నాడు. అతనికి ఇద్దరు చిన్నపిల్లలు. పెద్దది మా వరండాలోనే ఆడుకుంటోంది అప్పుడు.

మర్నాడు బడి నుంచి పవర్ హౌస్‌కు వెళ్ళి, దాదాను బతిమాలి ఒకే నెగెటివుకు రెండు ప్రింట్లు వేయించుకున్నాను. ఒకదాని మీద నేను చూసినట్టు రంగులు వేశాను, వంగపువ్వు రంగుతో సహా. రెండోదాని మీద అవే రంగులు వేసి, ఆ నడిమి పట్టీని మాత్రం ఖాళీగా తెల్లగా వదిలేశాను. ఆదివారం పొద్దున్న, మంచి వెలుతురులో, నాన్న ముందు చాప మీద రెండూ పెట్టాను. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వద్దని తల ఊపుతోంది. నేను అమ్మ వైపు చూడలేదు.

"నాన్నా, ఈ రెంటికీ తేడా ఏటి?" అన్నాను.

ఒకటి ఎత్తాడు, దించాడు, రెండోది ఎత్తాడు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "రెండూ ఒకటే కదే," అన్నాడు. నా మొహం చూశాడు. తర్వాత గుమ్మంలో అమ్మ మొహం చూశాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న మెల్లగా మళ్ళీ చాప మీద కూర్చున్నాడు.

"ఇందులో రంగున్నాదా?" అన్నాడు, ప్రింటు నడిమి మీదుగా వేలు గాల్లో పెట్టి.

"ఒకదాన్లో ఉన్నాది."

"ఎన్నాళ్ళ్నించి తెలుసు నీకు?"

"నెల."

"నెల్రోజుల్నుంచి నా మాటకే రంగులేస్తన్నావా?"

అవునన్నాను. ఏడుపు వచ్చేసింది. కొడతాడనుకున్నాను, ఎప్పుడూ కొట్టని మనిషి. ఆయన కొట్టలేదు, అరవలేదు. చేతుల్లోని ప్రింటు వైపు చూస్తూ, "నువ్వు నా మాటకి రంగేసినావు. యాదవు నా మాటకి ఫర్నేసు ముందరికి ఎల్తన్నాడు కదే," అన్నాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయనకూ అనుమానం ఉండేదని, కంటి పరీక్షకు రమ్మని కాగితం వస్తే ఏ వంక పెట్టి తప్పించుకోవాలా అని చూస్తున్నాడని అమ్మ తర్వాత చెప్పింది. ఆ మధ్యాహ్నం నాన్న అన్నం తినలేదు. చొక్కా వేసుకుని యాదవ్ భయ్యా ఇంటికి నడిచి వెళ్ళాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలీదు. తిరిగి వచ్చేటప్పుడు యాదవ్ భయ్యా మా నాన్న భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుని వచ్చాడు. సోమవారం పొద్దున్న నాన్న ఫర్నేసుకు బదులు ఆస్పత్రికి వెళ్ళాడు.

నాకు మొన్న ఆపరేషను టీ కాచుకునేంతసేపట్లో అయిపోయింది. సాయంత్రానికి ఇంటికొచ్చి తన్వి చేత టీవీ పెట్టించుకున్నాను, చూడకూడదంటే వింటానన్నాను. ఆ రోజుల్లో నాన్నను చలికాలం దాకా ఆగమన్నారు. తలకు రెండుపక్కలా ఇసుక సంచులు పెట్టి కదలొద్దన్నారు. ఒక కన్ను మానాక రెండోది. అమ్మ రోజూ టిఫిను గిన్నె పట్టుకుని వెళ్ళి చెంచాతో గంజి పట్టేది. నాన్న ఫర్నేసు దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే స్టోరులో వేశారు. అమ్మ భయపడినంతా జరగలేదు గానీ కొంత జరిగింది. మొదట్లో షిఫ్టు సైకిళ్ళు వెళ్ళే వేళకు తలుపు వేసుకుని కూర్చునేవాడు. తర్వాత తర్వాత, రోజూ పగలే ఉండే ఈ జనరల్ షిఫ్టు వల్ల ఒక మేలుందని కనిపెట్టాడు. సాయంత్రాలన్నీ ఆయనవే అయ్యాయి.

తన్వి వేలితో జరిపి చేసేదాన్నీ నేను దూదితో తుడిచి చేసినదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తుంటాను. అప్పట్లో ఒక ఫోటో దిద్దడానికి వారం పట్టేది, దానికి నిమిషం చాలు. నాకు అసూయగానే ఉంటుంది. దిద్దడం తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు, కెమేరాకు దొరకనిదాన్ని చేత్తో ఇవ్వడం మంచి పనే. కానీ నేను ఆ నెలలో చేసింది అది కాదు. ఆ పిల్ల నాలా నెల రోజులు తీసుకోలేదు, అప్పటికప్పుడే నా మొహం మీద అడిగేసింది. ఈ కాలప్పిల్లలకు పెద్దలంటే భయం లేదని మా వయసువాళ్ళు గొణుగుతుంటారు. ఆ భయం లేకపోవడం వల్లే నా కన్ను దక్కింది.

రెండు కళ్ళూ మానాక, కొత్త కళ్ళద్దాలు వచ్చిన వారం నాన్న నన్ను మరోదా తీసుకువెళ్ళాడు. సీసా అడుగంత మందం అద్దాలు. వాటిలోంచి ఆయనకు అన్నీ పెద్దగా కనిపించేవి, నీ ముక్కు ఇంతుందని ఎప్పుడూ సెప్పనేదేటే అని దారంతా ఏడిపించాడు. సైకిలు ఆయన తొక్కలేదు, నడిపించుకుంటూ వెళ్ళాం. గట్టు మీద నిలబడి పొద్దు గుంకడం చూశాడు. పాకమనీ కచ్చా అనీ అనలేదు. కాసేపటికి అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇంత నీలం ఉందేటే లోకంలో! ఎక్కడ దాచీసినారు ఇన్నాళ్ళూ?" అన్నాడు. నారింజ చెప్పాడు, గులాబీ చెప్పాడు. "అదిగో వంగపువ్వు," అన్నాడు. నా కళ్ళు నిండిపోయాయి.

"దాని పైన ఇంకోటున్నాది సూడు," అన్నాడు. "వంగపువ్వు కాదు, నీలమూ కాదు. సన్నగా మెరుస్తంది. సూసినావా?"

చూశాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. అక్కడ నాకు ఏమీ లేదు. కంట్లో కొత్త లెన్సు పెట్టని ఆ పాత ఆపరేషను చేయించుకున్నవాళ్ళలో కొందరికి మనకు కనపడని రంగు కూడా కాస్త కనపడేదని మొన్న డాక్టరు చెప్పేదాకా అదేమిటో నాకు తెలీదు. ఆ సాయంత్రం నాన్న మొహం వెలిగిపోతోంది. అవునని ఒక్క మాట అంటే ఆయన ఎంత సంతోషిస్తాడో నాకు తెలుసు.

"నాకు అగుపడ్డం నేదు నాన్నా," అన్నాను.

చప్పున నా వైపు తిరిగాడు. "నిజిమేనా?"

"నిజిమే. నాకక్కడ ఏటీ నేదు."

అంత పెద్ద అద్దాల వెనక ఆయన కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. పెద్దగా నవ్వి, నా నెత్తి మీద చెయ్యి వేశాడు. "అయితే నువ్వు దాన్ని ఎయ్యొద్దు," అన్నాడు. "నేను సెప్తాను, నువ్వు ఇను."

చీకటి పడేదాకా చెప్పాడు.